జేసీ రోడ్డులో కొన్న రీకండిషన్ సెల్ఫ్ మోటారు: ఆరు నెలల తర్వాత

బెంగళూరు టౌన్‌హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా సాగే జేసీ రోడ్డులో కార్ల విడిభాగాల దుకాణాలకు కొదవ లేదు. వాటి వెనక సందులో సెల్ఫ్ మోటార్లు (తాళం తిప్పగానే ఇంజనును తిప్పి స్టార్ట్ చేసేవి), ఆల్టర్నేటర్లు (బ్యాటరీని ఛార్జ్ చేసేవి) మాత్రమే విప్పి బాగుచేసే చిన్న దుకాణం ఒకటి ఉంది. అక్కడ కొన్న రీకండిషన్ మోటారును మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేనే బిగించుకుని, ఆరు నెలలు వాడిన తర్వాత ఈ మాటలు రాస్తున్నాను.

మాది 2012లో కొన్న చిన్న పెట్రోల్ కారు. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు తప్ప ఇంజను తిరిగేది కాదు. బ్యాటరీ నీరసించినప్పుడు సాధారణంగా ‘టకటక’మని వరుసగా చప్పుళ్లు వస్తాయి, డాష్‌బోర్డు దీపాలు కూడా మసకబారతాయి, మాకు ఆ రెండూ లేవు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది, మా బావమరిది తాళం తిప్పి పట్టుకున్నప్పుడు మోటారుకు కరెంటు కలిపే స్విచ్ లాంటి సొలినాయిడ్‌కు వచ్చే సన్న వైరు దగ్గర కూడా కరెంటు సరిగానే అందుతోంది. సుత్తి పిడితో మోటారు ఒంటిమీద మెల్లగా తట్టగానే రెండుసార్లు బండి స్టార్ట్ అయింది కాబట్టి, మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయని దాదాపు తేలిపోయింది.

నేను ఆ దుకాణానికి వెళ్లి మోటారు కావాలని అడిగితే, యజమాని ముందు అమ్మడానికే ఒప్పుకోలేదు. ఆయనది హిందూపురం వైపు తెలుగు. “పాతది చూడకుండా ఇయ్యను సార్, మళ్లీ మీరే తిరగాల్సొస్తుంది” అన్నారు. ఒక ట్రిప్పు దండగ అని ఆ క్షణంలో విసుక్కున్నాను గానీ, మరునాడు పాతది విప్పి తీసుకుపోయినప్పుడు ఆ పట్టుదల విలువ తెలిసింది. కుర్రవాడు తెచ్చిన మొదటి మోటారు చూడడానికి అచ్చంగా మాదానిలాగే ఉంది. మోటారు కొసనుండే పళ్లచక్రం (పినియన్) పళ్లు లెక్కపెడితే మాదానికి ఎనిమిది, దానికి తొమ్మిది. పినియన్ పళ్లు ఇంజను ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగ్ గేర్‌తో సరిగ్గా కలవకపోతే మోటారు గీరుకుంటూ తిరగడమే కాక రింగ్ గేర్ పళ్లు కూడా పాడవుతాయి, అప్పుడు గేర్‌బాక్స్ దించవలసి వస్తుంది. యజమాని కుర్రవాణ్ణి మందలించి సరైనది వెతికించారు. తర్వాత దాన్ని బల్ల మీద వైస్‌లో బిగించి, లోడు లేకుండా కొన్ని క్షణాలు తిప్పి, క్లాంప్ మీటరుతో కరెంటు కొలిచి చూపించారు. పాతది మార్పిడికి ఇచ్చి నేను చెల్లించింది 2,800 రూపాయలు.

ఇక ఇంటి దగ్గర పాతది విప్పి, కొత్తది బిగించిన పని. సెల్ఫ్ మోటారు ఎక్కడ ఉందో తెలియకపోతే బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరే లావు కేబుల్ వెంట కళ్లను నడిపిస్తే చాలు, ఇంజను, గేర్‌బాక్స్ కలిసే చోట అది చేరుతుంది. మా కారులో ఎయిర్ క్లీనర్ డబ్బా తీస్తే గానీ అది కనబడలేదు. కొన్ని కార్లలో కింది నుంచే అందుతుంది, అలాంటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద దూరకూడదు, స్టాండ్లు ఉండాలి. ఆ లావు కేబుల్‌లో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, పానా అటు దానికీ ఇటు బాడీకీ తగిలిందంటే నిప్పులు చెరుగుతుంది కనుక, బ్యాటరీ మైనస్ విప్పడం అన్నిటికన్నా ముందు జరగవలసిన పని. పట్టి ఉంచే బోల్టులు రెండే. పైది అయిదు నిమిషాల్లో వచ్చింది. కిందిదానికి పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్, తుప్పు వదిలించే నూనె, గంటన్నర సమయం, బావమరిది ఓపిక ఖర్చయ్యాయి. కొత్తది పెట్టేముందు అది ఆనే ముఖాన్ని ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్దాను, ఎందుకంటే మోటారుకు ఎర్త్ అందేది ఆ లోహం ద్వారానే.

ఆరు నెలలుగా తాళం తిప్పగానే అందుకుంటోంది. చలి ఉదయాల్లో పాతదానికంటే కాస్త సన్నని కూత వినబడుతుంది, నాకు అది ఇబ్బందిగా తోచలేదు.

దుకాణం మీద నాకున్న ఫిర్యాదులు రెండు. మొదట రాసిచ్చిన బిల్లులో “సెల్ఫ్ 1” అని మాత్రమే ఉంది. గ్యారంటీ గడువు, కారు మోడలు రాయమని రెండుసార్లు అడిగితే గానీ రాయలేదు. గ్యారంటీ కూడా, మోటారు మీద వారు వేసిన ఎర్ర పెయింట్ గుర్తు చెరగకుండా ఉంటేనే చెల్లుతుందట, ఇంజను వేడిలో ఆ గుర్తు ఎన్నాళ్లు నిలుస్తుందో వారికే తెలియాలి. అందుకే బిగించేముందు నేను ఫోటో తీసి పెట్టుకున్నాను. రెండోది, సొలినాయిడ్ మీద లావు కేబుల్‌ను బిగించే నట్టు ఇవ్వలేదు. పాత మోటారుతోపాటు మా నట్టు కూడా వారి దగ్గరే ఉండిపోవడంతో, మారతహళ్లిలో నాలుగు హార్డ్‌వేర్ దుకాణాలు తిరిగి ఒక్క నట్టు కోసం ఆదివారం మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. పాతది అప్పగించేముందు దాని నట్లన్నీ విప్పి జేబులో వేసుకోండి. ఆ సందులో కారు నిలిపే చోటు దొరకదు, కేఆర్ మార్కెట్ మెట్రో స్టేషన్‌లో దిగి గట్టి సంచితో నడిచి వెళ్లడం మేలు.