ఖడ్గమృగాల కొట్టం చూసొచ్చాం

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో ఉండే మనవాళ్ల ఇళ్లకు ఎండాకాలంలో అమ్మానాన్నలు వస్తే మొదటి రెండు వారాలు జూ, గుడి, కాస్ట్‌కోలతో గడిచిపోతాయి. మూడో వారానికి చూపించడానికి ఏమీ మిగలదు. మేం అలాంటి వారంలోనే ఆష్‌ఫాల్ ఫాసిల్ బెడ్స్‌కు బయల్దేరాం. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాతకాలపు ఖడ్గమృగాల ఎముకలుండే చోటు అది. "బతికుండే దాన్ని జూలో చూస్తిమి గదరా, చచ్చిపోయిన దాన్ని చూసేకి మూడు గంటలు పోవల్లనా?" అన్నాడు నాన్న, కారెక్కుతూనే.

నార్‌ఫోక్, నీలీ మీదుగా వెళ్లాం. రాయల్ అనే చిన్న ఊరు దాటాక హైవే 20 వదిలి ఉత్తరానికి ఆరు మైళ్లు. చుట్టూ మొక్కజొన్న చేలు, గడ్డి దిబ్బలు తప్ప ఏమీ కనిపించవు. దారి తప్పామేమోనని నాకు టెన్షన్. తీరా చూస్తే తప్పలేదు, అక్కడ ఉండేదే అంత.

1971లో మైఖేల్ వూర్హీస్ అనే శాస్త్రవేత్త ఈ పొలాల్లో తిరుగుతుంటే, వాన కోసేసిన ఒక గండిలో ఖడ్గమృగం పిల్ల పుర్రె బయటికి కనిపించిందట. అది టెలియోసెరాస్. పీపాలాంటి ఒళ్లు, పొట్టి కాళ్లు, ముక్కు మీద చిన్న కొమ్ము. ఖడ్గమృగం వంశమే అయినా చూడ్డానికి నీటిగుర్రంలా ఉండేది. దాదాపు 1.2 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడో నీటిగుంట ఉండేది. సుమారు 1,600 కిలోమీటర్ల అవతల, ఇప్పటి ఐడహోలో అగ్నిపర్వతం పేలి ఆ బూడిద ఇక్కడిదాకా వచ్చి పడింది.

చూడాల్సిందంతా రైనో బార్న్‌లోనే ఉంది. బార్న్ అంటే మా వైపు కొట్టం. 2009లో పెద్దది చేసిన ఈ కొట్టంలో ఎముకలను తవ్వి తీసుకుపోకుండా, పడినవి పడినచోటే ఉంచి మీద కప్పు వేశారు. నడవడానికి చెక్క వంతెనలాంటిది కట్టారు. కాళ్లు మడుచుకుని పడిపోయినవి, తల్లి పక్కనే పిల్ల, కొన్ని ఆడవాటి పొట్టలో పుట్టని పిల్ల ఎముకలు కూడా. అమ్మ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది.

బూడిదంటే మన పొయ్యి బూడిద కాదు, గాజు పొడి. మేసే గడ్డి మీదంతా అదే. మేసినప్పుడల్లా ఊపిరితిత్తుల్లోకి పోయింది. చిన్న ప్రాణులు ముందు పోయాయి కాబట్టి అడుగున తాబేళ్లు, పక్షులు, వాటి మీద గుర్రాలు, ఒంటెలు, అన్నిటికన్నా పైన ఖడ్గమృగాలు. పెద్ద ఒళ్లు కదా, ఇవి వారాల తరబడి తట్టుకున్నాయి. ఊపిరాడని జబ్బుకు ఎముకల మీద లేచిన గరుకు పొరలు కూడా కనిపెట్టారు. సెలవుల్లో పనిచేసే కాలేజీ పిల్లలు బ్రష్షుతో బూడిద దులుపుతుంటే మనం పక్కనే నిలబడి అడగొచ్చు. ఒకమ్మాయి మా నాన్న ఇంగ్లిష్‌ను ఓపిగ్గా విని, ఒక ఖడ్గమృగం నోట్లో దొరికిన గడ్డి గింజల సంగతి చెప్పింది. నాకైతే టికెట్ డబ్బు అక్కడే కిట్టింది.

టికెట్ అంటే గుర్తొచ్చింది. మనిషికి టికెట్ వేరు, కారుకు స్టేట్ పార్కు పర్మిట్ వేరు. చలికాలంలో మూసేస్తారు, వేసవి అటూ ఇటూ నెలల్లో కొన్ని రోజులు సెలవు. చూసుకోకుండా పోతే గడ్డి దిబ్బలే చూసి రావాలి. లోపల హోటల్ లేదు. మేం పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లి చెట్ల కింద తిన్నాం. శాకాహారులకు ఇదొక్కటే దారి.

రాత్రి ఓనీల్‌లో ఒక మోటెల్‌లో దిగాం, అది నా తప్పు. కింద గది కావాలని ముందే చెప్పినా పైన ఇచ్చారు, లిఫ్ట్ లేదు, అమ్మకు మోకాళ్ల నొప్పి. ఏసీ రాత్రంతా ట్రాక్టర్‌లా మోగింది. ఊరు మాత్రం ముచ్చటగా ఉంది, నడిరోడ్డు కూడలిలో ఐర్లండ్ వాళ్ల మూడాకుల గుర్తు పెద్దగా వేసి ఉంటుంది. పిల్లలతో పోయేవాళ్లకు నయోబ్రారా స్టేట్ పార్కు క్యాబిన్లు మేలంటాను, వంట చేసుకోవచ్చు. పెద్దవాళ్లు మూడేసి గంటలు కారులో కూర్చోగలిగితే అసలు రాత్రి ఉండక్కర్లేదు.

అంత దూరం వద్దనుకునేవాళ్లకు లింకన్‌లో మోరిల్ హాల్ అనే మ్యూజియం ఉంది, ఒమాహా నుంచి గంట. అక్కడి పెద్ద మామత్ (ఏనుగులాంటి పాతకాలపు జంతువు) అస్థిపంజరం చూస్తే పిల్లలు కేరింతలు కొడతారు. కానీ అక్కడివి తెచ్చి నిలబెట్టిన ఎముకలు. చచ్చిన చోటే పడి ఉన్నవాటిని చూసొచ్చాక, నాకు అవి బొమ్మల కొలువులా అనిపించాయి.

తిరుగు దారిలో నాన్నకు ఓ సంగతి చెప్పాను. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త తవ్వించినప్పుడు ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. దానికి రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని మన కర్నూలు పేరే పెట్టారు. ఇది టెలియోసెరాస్ కన్నా చాలా చాలా తర్వాతిది. నాన్న డోన్‌లో ముప్పై ఏళ్లు రైల్వేలో చేశాడు. బేతంచెర్ల మీదుగా ఎన్నిసార్లు పోయుంటాడో.

"నువ్వెప్పుడన్నా పోతివా ఆ గుహలకు?" అన్నాడు.

"లేదు నాన్నా. నువ్వు?"

"నేనూ పోలేదురా" అని కిటికీ వైపు తిరిగాడు.