సింగపూర్ నంబరు కారుతో మలేసియా: ఏళ్ళ వాడకం తర్వాత సమీక్ష

సింగపూర్‌లో ఉంటూ సొంత కారులో మలేసియా వెళ్ళిరావడం ఇప్పటికీ గిట్టుబాటే. రోడ్లు బాగుంటాయి, అక్కడా ఎడమవైపు డ్రైవింగే, సింగపూర్ లైసెన్స్ చెల్లుతుంది. తలనొప్పి తెచ్చేవి రెండే: వీఈపీ ట్యాగు, టోల్ కట్టడానికి వాడే టచ్ ఎన్ గో ప్రీపెయిడ్ కార్డు.

విదేశీ బండికి మలేసియా ఇచ్చే ప్రవేశ అనుమతి వీఈపీ. 2025 జులై 1 నుంచి అది లేకపోతే 300 రింగిట్ల జరిమానా. ఖర్చు 10 రింగిట్లే, ఐదేళ్ళు పనిచేస్తుంది. పోర్టల్లో యజమాని పేరు, చాసిస్ నంబరు లాగ్ కార్డులో (సింగపూర్ బండి రిజిస్ట్రేషన్ పత్రం) ఉన్నది ఉన్నట్టే ఎక్కించండి. ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అని సొంత దిద్దుబాట్లు వద్దు. వీఈపీ ట్యాగు (చిప్ ఉన్న స్టిక్కరు) కారు అద్దానికి అతికించడంతో పని అయిపోదు, పోర్టల్లోకి వెళ్ళి యాక్టివేట్ చేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. అద్దం శుభ్రంగా తుడిచి, తడి ఆరాక ఒక్కసారే అదిమి అతికించండి. పీకితే లోపలి తీగ తెగి ట్యాగు చచ్చిపోతుంది. అంటే రాయి తగిలి అద్దం మారిస్తే ట్యాగు కూడా కొత్తది కావాల్సిందే. సెకండ్‌హ్యాండ్ కారు కొంటుంటే, పాత యజమాని తన వీఈపీ రద్దు చేసుకున్నాడో లేదో డబ్బు చేతిలో పెట్టకముందే తేల్చుకోండి.

టచ్ ఎన్ గో కార్డు సంగతి. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ 20 రింగిట్ల రోడ్ చార్జీ, ఆపైన టోల్. ఎన్ఎఫ్‌సీ ఉన్న కార్డే కొనండి, పాతరకంలో ఫోన్‌తో డబ్బు వేయలేం. ప్లస్ అనే టోల్ హైవే ఎక్కేటప్పుడు తాకించిన కార్డే దిగేటప్పుడూ తాకించాలి. రెండు కార్డులున్నవాళ్ళు తికమకపడి గేటు దగ్గర ఇరుక్కునేది ఇందుకే.

పెట్రోలు: సింగపూర్ దాటేటప్పుడు ట్యాంకు ముప్పావు వంతైనా నిండి ఉండాలి. తక్కువుంటే వెనక్కి పంపుతారు, 500 డాలర్ల దాకా జరిమానా కూడా పడొచ్చు. ముల్లు సరిగ్గా గీత మీద ఉంటే చాలదు. వుడ్‌ల్యాండ్స్ సరిహద్దు చెక్‌పాయింట్ క్యూలో ఏసీ వేసుకుని కూర్చుంటే అది గీత దిగిపోతుంది, కాస్త పైకే కొట్టించండి. అవతల పసుపు గన్ను ముట్టుకోవద్దు, అందులో వచ్చే సబ్సిడీ పెట్రోలు ఆర్ఓఎన్ 95 విదేశీ బండ్లకు నిషిద్ధం. ఆర్ఓఎన్ 97 కొట్టించుకోవచ్చు, అదైనా సింగపూర్ ధరకంటే బాగా చవక.

భారత పాస్‌పోర్టు ఉంటే చేరే రోజుకు ముందు మూడు రోజుల లోపు ఎండీఏసీ (మలేసియా ప్రవేశానికి ఆన్‌లైన్ ఫారం) నింపాలి. సింగపూర్ వైపు ఇమిగ్రేషన్ యాప్ మైఐసీఏలో క్యూఆర్ కోడ్ ఒక్కటి తీస్తే పదిమంది దాకా సరిపోతుంది. అయినా పాస్‌పోర్టులు దగ్గరుండాల్సిందే.

బీమా మామూలుగా పశ్చిమ మలేసియాకు వర్తిస్తుంది, బయల్దేరేముందు పాలసీ కాగితం ఒకసారి చదవండి. సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లోకి వెళ్తే అక్కడి తప్పనిసరి బీమా విడిగా కొనాలి. ప్రమాదం జరిగితే ఎవరో తెచ్చిన టో బండి ఎక్కించకుండా, ముందు బీమా హాట్‌లైన్‌కు ఫోన్ చేయండి. 24 గంటల్లోపు పోలీసు రిపోర్టు ఇవ్వాలి.

ఇక సరిహద్దు అవతలి మలేసియా రాష్ట్రం జొహోర్‌లో చవగ్గా కారు కొని సింగపూర్‌లో తిప్పుదామనే ఆలోచన ఉంటే మానుకోండి. సింగపూర్ పౌరులు, పీఆర్‌లు (శాశ్వత నివాసులు), ఇక్కడే కాపురముండే వర్క్ పాస్ వాళ్ళు విదేశీ నంబరు కారు ఇక్కడ నడపడం చట్టరీత్యా కుదరదు.