హల్దియా బురదలో బ్యాలస్ట్ శుద్ధి యంత్రం: ఏడేళ్ళ వాడకం తరువాత

సరకు ఓడలో బ్యాలస్ట్ (ఖాళీ ఓడకు బరువు కోసం ట్యాంకులలో నింపే నీరు) వ్యవహారమంతా చీఫ్ ఆఫీసరు నెత్తిన ఉంటుంది. ఏ ట్యాంకులో ఎంత నీరుంది, ఎప్పుడు నింపాలి, ఎప్పుడు తోడాలి, ఎక్కడ చుక్క కూడా వదలకూడదు అన్న లెక్కలన్నీ అతనివే. ఆ ఉద్యోగంలో 2018 నుంచి ఇప్పటి వరకు రెండు బల్క్ కేరియర్లలో (బొగ్గు లాంటి సరకును కుప్పగా మోసే ఓడలు) రెండు రకాల శుద్ధి యంత్రాలతో పని చేశాను. మొదటిది వడపోత తరువాత అతినీలలోహిత కిరణాలతో నీటిని శుద్ధి చేసేది. రెండవది సముద్రపు నీటి నుంచే విద్యుత్తుతో క్లోరిన్ తయారు చేసుకొని, దానితో జీవులను చంపేది. తయారీదారుల పేర్లు రాయను. నేను చెప్పబోయే లోపాలు ఒక కంపెనీవి కావు, ఆ పద్ధతులవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ నీటిని శుద్ధి చేశాకే వదలాలన్న నిబంధన సరైనదే, నడిసముద్రంలో యంత్రమూ సరైనదే, కానీ పరాయి జీవులు ఎక్కువగా ఓడ ఎక్కే నదీముఖాల దగ్గరే ఈ యంత్రాలు చేతులెత్తేస్తున్నాయి.

సంగతి తెలియని వారి కోసం కొంచెం వెనక్కి వెళతాను. ఎనభై వేల టన్నుల ఓడ సరకు దించేశాక ఖాళీ డొల్లలా తేలిపోతుంది. ప్రొపెల్లరు నీటిలో సరిగా మునగదు, గాలికి ఓడ మాట వినదు. అందుకని అడుగు బరువు కోసం రేవులోని నీటినే 20,000 టన్నులకు పైగా ట్యాంకులలోకి ఎక్కించుకుంటాం. వాతావరణం బాగోకపోతే నాలుగో హోల్డును (సరకు గదిని) కూడా నీటితో నింపుతాం. ఆ నీటితో పాటు లార్వాలు, గుడ్లు, నాచు, సూక్ష్మజీవులు కూడా ప్రయాణిస్తాయి. వేల మైళ్ళ అవతల సరకు ఎక్కించుకునే రేవులో నీటిని తోడేసినప్పుడు అవీ అక్కడ దిగుతాయి. అమెరికా తీరపు దువ్వెన జెల్లీ (జెల్లీచేప లాంటి జీవి) ఒకటి 1980ల మొదట్లో ఇలాగే నల్ల సముద్రానికి చేరి, చేపల ఆహారాన్నీ గుడ్లనూ తినేయడంతో, ఆ దశాబ్దం చివరికి అక్కడి నెత్తళ్ళ వేట కుప్పకూలింది. ఉత్తర అమెరికా మహాసరస్సులలో 1988లో కనబడిన చారల ఆల్చిప్ప నీటి సరఫరా గొట్టాలను మూసేసింది. 1991లో లాటిన్ అమెరికాలో కలరా ప్రబలిన తరువాత, అక్కడి నుంచి అమెరికాలోని మొబైల్ అఖాతానికి వచ్చిన ఓడల బ్యాలస్ట్‌లో ఆ క్రిమి దొరికింది. చివరికి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2004 ఫిబ్రవరిలో బ్యాలస్ట్ నీటి ఒప్పందాన్ని ఆమోదించింది. అది అమలులోకి రావడానికి మాత్రం 2017 సెప్టెంబరు 8 వరకు పట్టింది, ఎందుకంటే కనీసం 30 దేశాలు, ప్రపంచ వాణిజ్య నౌకల టన్నేజీలో 35 శాతం కలిగినవి, అందులో చేరాలన్నది షరతు.

యంత్రాలు రాకముందు మేము చేసింది నీటి మార్పిడి. తీరానికి 200 నాటికల్ మైళ్ళ అవతల, 200 మీటర్లకు పైగా లోతున్న చోట, ప్రతి ట్యాంకులోని నీటికి మూడింతలు పంపు చేసి పాత నీటిని పైకి పొంగించాలి. కాగితం మీద ఇది సులువు. 20,000 ఘనపు మీటర్లకు మూడింతలంటే 60,000. గంటకు 1,000 ఘనపు మీటర్లు తోడే పంపులు రెండూ ఆగకుండా తిరిగితే 30 గంటలు. విశాఖ నుంచి మలక్కా జలసంధి వైపు సాగే దారిలో ఆ 200 మైళ్ళ నియమానికి సరిపోయే సముద్రం మనకు రెండు రోజుల ప్రయాణానికి మించి దొరకదు. వానాకాలంలో డెక్కు మీద గాలి గొట్టాల నుంచి నీరు పొంగుతూ ఉంటే, ఓడ పొర్లుతూ ఉంటే, ఆ 30 గంటలూ నాకు నిద్ర ఉండేది కాదు. ఇంత చేసినా ట్యాంకు అడుగున పేరుకున్న మట్టి కదలదు. కాబట్టి యంత్రం వస్తుందని తెలిసినప్పుడు మనస్ఫూర్తిగా సంతోషించినవారిలో నేనొకడిని.

కొత్త ప్రమాణం మార్పిడిని కాదు, ఫలితాన్ని అడుగుతుంది. వదిలే నీటిలో 50 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకు మించిన జీవులు ఘనపు మీటరుకు పదికి లోపు, 10 నుంచి 50 మైక్రాన్ల మధ్యవి మిల్లీలీటరుకు పదికి లోపు ఉండాలి. కలరా క్రిమికి, ఈ-కొలీ, ఎంటెరోకాకై అనే బాక్టీరియాలకు వేరే హద్దులు ఉన్నాయి. 2024 సెప్టెంబరు 8 నాటికి ఒప్పందం వర్తించే ఓడలన్నీ ఈ ప్రమాణానికి రావలసి ఉంది.

మా మొదటి ఓడకు 2018లో డ్రై డాక్‌లో (ఓడను నీటి బయట నిలిపి మరమ్మతు చేసే చోట) అతినీలలోహిత యంత్రం బిగించారు. ముందు 40 మైక్రాన్ల ఫిల్టరు, తరువాత దీపాల గది. దీపాలు వెలిగించాలంటే అదనంగా ఒక జనరేటరు నడపాలి. అవి వేడెక్కే కొద్ది నిమిషాలు పంపు ఆగి ఉండాలి. ఆస్ట్రేలియాలోని హే పాయింట్ నుంచి కోకింగ్ బొగ్గు తెచ్చి గంగవరంలో సగం దించడం, హుగ్లీ నది మీది హల్దియాలో లోతు తక్కువ కాబట్టి మిగిలిన సగంతోనే అక్కడికి వెళ్ళడం మాకు మామూలు ప్రయాణం. గంగవరంలో యంత్రం గురించి ఆలోచించే పనే ఉండేది కాదు. నీరు తేటగా ఉండేది, కిరణాల తీవ్రత చూపే సూచిక ఆకుపచ్చలోనే నిలబడేది, ప్రవాహం పూర్తి వేగంతో సాగేది. ఈ ఒక్క రేవునే చూసి సమీక్ష రాస్తే పదికి తొమ్మిది మార్కులు వేయవలసి వస్తుంది.

హల్దియా వేరే లోకం. లాక్ గేటు దాటి డాకులో కట్టుకున్నాక, గ్రాబులు (క్రేన్లకు వేలాడే పంజా బకెట్లు) బొగ్గు తోడడం మొదలైన గంటకే మేము బ్యాలస్ట్ ఎక్కించడం మొదలు పెట్టాలి. లేకపోతే ఓడ పైకి లేచిపోయి నడుము మీద ఒత్తిడి పెరుగుతుంది. హుగ్లీ నీరు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటుంది. ఫిల్టరుకు అటూ ఇటూ ఉన్న పీడనంలో తేడా అర బారు దాటితే అది తనను తాను వెనక్కి కడుక్కుంటుంది. తేట నీటిలో గంటకు ఒకసారి జరిగే ఆ కడుగుడు అక్కడ రెండు మూడు నిమిషాలకొకసారి జరిగేది. కడుక్కునేటప్పుడు వచ్చిన నీటిలో కొంత బయటికే పోతుంది కాబట్టి, గంటకు 1,000 ఘనపు మీటర్లు రావలసిన చోట 250 వచ్చిన రోజులున్నాయి. ఆ 250 కూడా దీపాల గదికి చేరేసరికి, మట్టి రేణువుల నీడలో దాక్కున్న జీవులకు కిరణాలు తగలవు. తీవ్రత పడిపోయి ఎర్ర అలారం మోగుతుంది. ఒక రాత్రి ఫిల్టరు మూత తెరిచి చూస్తే, లోపలి జల్లెడల మీద బురద వేలెడు మందాన, పెట్టిన పిడకలా అతుక్కొని ఉంది. సోంపేట దగ్గరి వాడైన మా ఫిట్టరు దాన్ని చేతితో గీకుతూ, "కడిగితే పోదు సార్, దున్నాల్సిందే" అన్నాడు. ఆ రాత్రి మూడుసార్లు విప్పి కడిగాము. పైన స్టివడోర్లు (సరకు దించే రేవు పనివారు) ఓడ పక్కకు ఒరుగుతోందని కేకలు. కింద మేము మోకాళ్ళ దాకా బురద నీళ్ళు.

ఇక్కడే బైపాస్ వాల్వు ప్రలోభం మొదలవుతుంది. ఒక్క మీట తిప్పితే నీరు యంత్రాన్ని దాటేసి నేరుగా ట్యాంకులోకి పోతుంది, అందరి తలనొప్పీ తీరుతుంది. అయితే ఆ వాల్వు తెరిచిన నిమిషం, మూసిన నిమిషం యంత్రం జ్ఞాపకంలో నమోదవుతాయి, కనీసం 24 నెలల పాటు అక్కడే ఉంటాయి. తనిఖీకి వచ్చిన అధికారి ముందుగా అడిగేది బ్యాలస్ట్ రికార్డు బుక్కు. రెండవది ఆ జ్ఞాపకం. రెండూ పొంతన కుదరకపోతే మూడవ ప్రశ్న ఉండదు. నా వరకు తనిఖీ భయం కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. నేను విశాఖలో పెరిగాను. లోపలి హార్బరులో స్తంభాలకు, పడవల అడుగులకు గుత్తులు గుత్తులుగా పట్టే నల్లచారల గుల్లలను మా నాన్నగారి తరం వారు రంపపు ముక్కలతో గీకడం చూశాను. అవి మన గుల్లలేనని చాలా కాలం అనుకున్నాను. కరీబియన్ ప్రాంతపు ఆ జాతిని 1967 ప్రాంతంలో మన దేశంలో మొదట గుర్తించింది విశాఖ హార్బరులోనే. అది ఓడల వెంట వచ్చినదే. తరువాత ముంబయి, కేరళ తీరాలకూ పాకింది. ఓడ అడుగుకు అతుక్కొని వచ్చే జీవుల మీద బ్యాలస్ట్ నిబంధనకు ఏ అధికారమూ లేదన్నది వేరే సంగతి. వాటికి అంతర్జాతీయంగా ఇప్పటికీ మార్గదర్శకాలే తప్ప కట్టుబాటు లేదు. మనం తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి ఉంచామని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అతినీలలోహిత యంత్రంతో ఇంకొక చిక్కు ఉంది. ఆ కిరణాలు చాలా జీవులను అక్కడికక్కడే చంపవు, వాటి డి.ఎన్.ఏ.ను దెబ్బతీసి పిల్లలను కనలేకుండా చేస్తాయి. అంతర్జాతీయ ప్రమాణం పునరుత్పత్తి శక్తినే లెక్కలోకి తీసుకుంటుంది. అమెరికా తీర రక్షక దళం 2012లో తెచ్చిన నిబంధన మాత్రం బతికి ఉన్నదా లేదా అని అడిగింది. అందుకే మా ప్యానెల్ మీద అమెరికా కోసం వేరే మీట ఉండేది. అది నొక్కితే కిరణాల మోతాదు పెరిగి, ప్రవాహం తగ్గేది. ఒకే నీరు, ఒకే జీవి, రెండు చట్టాలలో రెండు రకాల చావు. పైగా ఈ పద్ధతిలో నీటిని ఎక్కించేటప్పుడే కాక తోడేటప్పుడూ దీపాల గుండా పంపాలి. హే పాయింట్‌లో లోడరు బొగ్గును కుమ్మరిస్తూ ఉంటుంది. హల్దియా బురద నీరు దీపాల దగ్గర మళ్ళీ అలారం మోగిస్తూ ఉంటుంది. మన నీటి కోసం లోడరును ఆపమని అడగడం చీఫ్ ఆఫీసరు జీవితంలో తీయని అనుభవం కాదు.

ఆస్ట్రేలియా వారి కఠినత్వం మీద మాలో చాలామంది విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఉత్తర పసిఫిక్ నక్షత్ర చేప టాస్మానియాలోని డెర్వెంట్ నదీముఖంలో స్థిరపడి, 1990లలో మెల్‌బోర్న్ ముందున్న పోర్ట్ ఫిలిప్ అఖాతాన్ని ఆక్రమించిన అనుభవం వారిది. 2015 నాటి జీవభద్రతా చట్టం కింద రేవుకు చేరకముందే ప్రతి ట్యాంకు చరిత్ర వారికి పంపాలి: నీరు ఎక్కడ ఎక్కింది, ఎప్పుడు, ఎలా శుద్ధి అయింది. పత్రం పొడుగైనదే, కానీ అందులో అనవసరమైన గడి ఒక్కటీ నాకు కనబడలేదు.

2022లో మారిన రెండవ ఓడలో క్లోరిన్ పద్ధతి. దీని సుఖం ఏమిటంటే శుద్ధి ఒక్కసారే; తోడేటప్పుడు మిగిలిన క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేటుతో విరిచి, లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపుకు తెస్తే చాలు. రెండు వారాల ప్రయాణం తరువాత విరవడానికి చాలాసార్లు ఏమీ మిగలదు. మట్టి నీటిలో కూడా మోతాదు పెంచుకుంటూ పోతుంది కాబట్టి, ఫిల్టరు ఊపిరాడినంత సేపు ఇది దీపాల కంటే మొండిగా నిలబడింది. కానీ దీనికి ఉప్పు కావాలి. వానాకాలంలో హుగ్లీ దాదాపు మంచి నీరే. అందుకని బంగాళాఖాతంలోనే వెనుక ట్యాంకును సముద్రపు నీటితో నింపుకొని, హల్దియాలో ఆ ఉప్పునీటిని యంత్రానికి చెంచాతో పాలు పట్టినట్టు పట్టాము. ఒకసారి ఆ ట్యాంకులో నీరు సగం పని కాకముందే అయిపోయింది. తప్పు నాదే, గ్రాబుల వేగాన్ని ఎక్కువగా అంచనా వేసి, అవి నెమ్మదిగా తోడేసరికి యంత్రం అనుకున్న దానికంటే ఎక్కువసేపు నడిచింది. ఇంకొక బాధ క్లోరిన్ కొలిచే మీటరు. సన్నని గొట్టంలో బురద అడ్డం పడితే లేని క్లోరిన్ ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపుతుంది. రసాయనపు సీసా గడువు దాటినా అంతే. పెద్ద యంత్రం బాగానే ఉండి, ఈ చిన్న మీటరు వల్ల పని ఆగిన సందర్భాలే నాకు ఎక్కువ. ఉత్పత్తయ్యే హైడ్రోజన్ వాయువు కోసం పెట్టిన గ్యాస్ డిటెక్టరును మాత్రం ఎంత విసిగించినా తేలికగా తీసుకోకూడదు.

నడిపేవారి మొర 2024 మార్చిలో కొంత వినిపించింది. క్లిష్టమైన నీటి విషయంలో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది. యంత్రం నిజంగా మొరాయించినప్పుడు, చేయగలిగినదంతా చేసిన తరువాతే, నమోదు చేసి బైపాస్ చేయవచ్చు. తరువాత లోతైన సముద్రంలో ఆ మురికి నీటిని మార్చి, కొత్త నీటిని యంత్రం గుండా ఎక్కించి ట్యాంకులను శుభ్రపరచాలి. అంటే ఆ 30 గంటల మార్పిడి మళ్ళీ మా మెడకు చుట్టుకుంది. అయినా దీన్ని నేను ఆహ్వానిస్తాను, ఎందుకంటే ఇంతకు ముందు నిజం రాసిన ఆఫీసరుకే చిక్కులు ఉండేవి. ఇప్పుడు నిజం రాయడానికి రికార్డు బుక్కులో ఒక చోటు దొరికింది.

యంత్రం ఏదైనా దాటిపోయేది ఒకటుంది, అది ట్యాంకు అడుగు మట్టి. గత డ్రై డాక్‌లో రెండవ నంబరు ట్యాంకులోకి దిగితే టార్చి వెలుగులో పిక్కల దాకా మెత్తని హుగ్లీ ఒండ్రు. "వరి నారు పోసేయొచ్చు సార్" అన్నాడు వెనకే దిగిన ఓ.ఎస్. (ఆర్డినరీ సీమన్) కుర్రవాడు. 40 మైక్రాన్ల జల్లెడలో పట్టనంత సన్నని మట్టి ఏళ్ళ తరబడి దిగి చేరినది అది. దాన్ని బకెట్లతో పైకి తోడి, రేవులోని మట్టి స్వీకరణ ఏర్పాటుకు అప్పగించడానికి నాలుగు రోజులు పట్టింది.

ఓడ కొనేవారు అడిగితే చెప్పేది ఇదీ: నీలి నీటి రేవుల మధ్య తిరిగే ఓడకు అతినీలలోహితం, నదీముఖాలకు వెళ్ళే ఓడకు క్లోరిన్, రెండింటిలోనూ ఫిల్టరును కేటలాగులో చెప్పిన దానికంటే ఒక సైజు పెద్దది తీసుకోవాలి. మార్కులు అడిగితే మొదటి దానికి పదికి అయిదు, రెండవదానికి ఏడు. వచ్చే నెలలో మళ్ళీ అదే ఓడ ఎక్కుతున్నాను, పారాదీప్, హల్దియా అంటున్నారు. జల్లెడల సెట్లు రెండు, మీటరు రసాయనం ఆరు సీసాలు ఓడకు ముందే పంపమని ఆఫీసుకు రాశాను. ఈసారి వెనుక ట్యాంకును అంచు దాకా నింపుకొనే, హుగ్లీ ముఖం ముందున్న సాండ్‌హెడ్స్ దాటుతాను.