గ్రిడ్ స్నాపా, చేత్తో ఎక్స్ వై కొట్టుడా?

హన్మకొండల మా బావ షాపు కోసం ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌ల కాకతీయ తోరణం ఐకాన్ గీసిన, 1 పిక్సెల్ గీత, గ్రిడ్ స్నాప్ (గీసేటివి గళ్ల గీతలకు అతుక్కునే సెట్టింగు) ఆన్ పెడితే నోడ్లన్నీ, అంటే గీత మీది చుక్కలన్నీ, కరెక్ట్‌గనే కూసున్నయి గానీ పీఎన్‌జీ బొమ్మగ తీస్తే నిలువు కంబాలు మసక మసక, ఒక్క నల్ల గీతకు బదులు రెండు బూడిద గీతలు. ఏందంటే స్ట్రోక్ (గీత మందం) పాత్‌కి, అంటే గీత నడిమి దారికి, అటు సగం ఇటు సగం పడతది, పాత్ 10 మీదుంటే గీత 9.5 నుంచి 10.5 దాకా, అంటే రెండు పిక్సెల్లు సగం సగమే నిండుతయి. 2 పిక్సెల్ల గీతకైతే స్నాపే మస్తు, రంది లేదు.

1 పిక్సెల్ గీతకు మాత్రం చేత్తో ఎక్స్ వై అంకెలు కొట్టుడే నయం. ప్రిఫరెన్సెస్‌ల విజువల్ బౌండింగ్ బాక్స్ (గీత మందం గూడ కలిపి కొలిచేది) పెట్టుకొని ఎక్స్ 10 కొడితే గీత బయటి అంచు 10 మీద ఆగుతది, పాత్ దానంతటదే 10.5కి పోతది. జామెట్రిక్‌ల (మందం వదిలేసి పాత్‌నే కొలిచేది) అదే 10 కొడితే మళ్ల మొదటికే! కాకపోతే ఒక్కో ముక్కకు కొట్టుకుంట కూసుంటే తెల్లారుతది, అందుకే నేనైతే స్నాప్‌తోనే గీసి చివర్ల మొత్తం సెలెక్ట్ జేసి ఒక్కసారే 0.5 జరుపుత.