అహోబిలంలో రూముకు పెట్టింది దండగ, గైడుకు ఇచ్చింది తక్కువ

ముందు లాడ్జీ సంగతి చెప్పేస్తాను. లేకపోతే కొండ గురించి రాస్తున్నంతసేపూ అదే అడ్డమొస్తుంది.

దిగువ అహోబిలంలో ఒక ప్రైవేటు లాడ్జీకి వారం ముందే ఫోన్ చేసి మాట్లాడుకున్నాం. ఏసీ లేని డబుల్ రూము 1,200, బామ్మర్దికి ఎక్స్‌ట్రా పరుపు 200. అడ్వాన్సు అడిగితే 500 ఫోన్‌పే చేశాం. కడప నుంచి మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ మీదుగా సాఫీగా వెళ్లిపోయాం. రాత్రి ఎనిమిదింటికి బ్యాగులు దించితే కౌంటర్లో అబ్బాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "రేపు స్వాతి సార్, రేటు 2,500" అన్నాడు.

స్వాతి నరసింహస్వామి జన్మనక్షత్రం. నెలనెలా ఆ రోజు అహోబిలానికి జనం ఎక్కువ వస్తారు. ఆ సంగతి తెలిసే కదా ముందు మాట్లాడుకుంది! ఏ తేదీకి అని రెండుసార్లు అడిగి మరీ డబ్బు వేయించుకున్నది వాళ్లే. బామ్మర్ది మెసేజ్ తీసి చూపిస్తే "అది బుకింగ్ ఛార్జీ, బాడుగలో కలవదు" అన్నాడు. ఓనరుతో మాట్లాడతామంటే ఆయన ఫోను స్విచాఫ్. మా ఆవిడ "ఆ ఐదొందలు పోతే పోయాయి, ఆళ్లగడ్డకు తిప్పండి బండి" అంది. పొద్దున్నే కొండెక్కాలి, రాత్రిపూట మళ్లీ అంత దూరం ఎందుకని సర్దిచెప్పాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు.

2,500కు ఏమొచ్చిందంటే, గడియ పడని తలుపు. లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఆనించుకుని పడుకున్నాం. దిండు గలీబు మీద ఎవరిదో తలనూనె మరక, పక్కన రెండు వెంట్రుకలు. గీజరు ఉంది, దాని స్విచ్ మీద నల్ల టేపు అంటించి ఉంది. వేడినీళ్లు కావాలంటే బకెట్ 50. ఐదింటికి చెబితే ఆరింటికి వచ్చింది, అదీ గోరువెచ్చగా. వెళ్లేటప్పుడు బిల్లు అడిగితే తెల్లకాగితం మీద 1,200 అని రాసిచ్చాడు. మిగతా 1,300 ఏ ఖాతాలోకి పోయిందో ఆ స్వామికే తెలియాలి.

ఇక అసలు విషయం. స్తంభం చీల్చుకుని నరసింహుడు వచ్చిన చోటు అని చెప్పే ఉగ్రస్తంభం ఎక్కాలని మా ముగ్గురికీ ఎప్పటి నుంచో కోరిక. ముగ్గురికీ ఇదే మొదటిసారి. కారు ఎగువ అహోబిలం దాకా వెళుతుంది, దిగువ నుంచి ఎనిమిది కిలోమీటర్లు. అక్కడి నుంచి నడకే. డోలీలు ఉన్నాయి గానీ ఉగ్రస్తంభం మీదికి డోలీ పోదు.

గుడి దగ్గర యాభై దాటిన ఒకాయన గైడుగా వస్తానన్నాడు. 1,500 అడిగాడు. రాత్రి తగిలిన దెబ్బతో బామ్మర్ది "అడ్వాన్సు ఎంత?" అన్నాడు వెటకారంగా. "కిందికి దిగినాక ఇయ్యండి సార్, యాడికి పోతారు" అన్నాడాయన. కర్రలు బాడుగకు తీసుకున్నాం, ఒక్కోటి 20.

అందరూ ముందు జ్వాలా నరసింహుడి దర్శనం చేసుకుంటారట. ఈయన మాత్రం ఎండ ముదిరితే బండ కాలుతుంది, ముందు పైకే పోదామన్నాడు. ఆ ఒక్క మాటకే 1,500 ఇవ్వొచ్చు. భవనాశిని వాగు పక్కనే నడిచి, వరాహ నరసింహస్వామి గుడి దాటే వరకు కులాసాగానే ఉంది. ఆ తర్వాత దారి అనేది లేదు, రాళ్లే. అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాణ్ణి, ఇదెంత అని బయల్దేరాడు మా బామ్మర్ది. అలిపిరిలో ఒక మెట్టు ఎక్కితే రెండోదీ అలాగే ఉంటుంది. ఇక్కడ ఒక రాయి మోకాలెత్తు, ఇంకోటి నడుమెత్తు, మూడోది కాలు పెడితే కదులుతుంది. సగం దారిలో బామ్మర్దికి పిక్క పట్టేసింది. గైడు ఒక బండ మీద కూర్చోబెట్టి, కాలు చాపించి, బొటనవేలు వెనక్కి వంచి పట్టుకున్నాడు. "నీళ్లు గటగటా తాగొద్దు సామీ, గుక్కెడు గుక్కెడు తాగల్ల" అని చెప్పి, ఉప్పు వేసిన నిమ్మకాయ బద్ద చేతిలో పెట్టాడు. పావుగంటలో మనిషి లేచాడు.

కింది నుంచి చూస్తే ఉగ్రస్తంభం నిలువునా చీలిన ఎర్రరాయి. దగ్గరికి పోయేకొద్దీ స్తంభంలా కనిపించదు, కొండ కొసలా ఉంటుంది. చివర్లో కర్రలు కింద పెట్టేసి చేతులతోనూ ఎక్కాలి. ఒక పక్క లోయ. నాకు కాళ్లు వణికాయి. రాత్రి నుంచి మూతి ముడుచుకున్న మా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గైడు చూపించిన చోటల్లా కాలు పెడుతూ మా ఇద్దరికన్నా ముందు పైకి చేరింది. పైన స్వామి పాదాలు, కాషాయ జెండాలు, పసుపు కుంకుమ. చుట్టూ నల్లమల కొండలే. ఒక మనిషి కూర్చుంటే ఇంకొకరు నిలబడాల్సినంత చోటు, పైగా గాలి. "ఏమండీ, రండి, ఏం కాదు" అని చెయ్యి చాపింది. రాత్రి తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

తినడానికి మేం తెచ్చుకున్న బన్నులు, అరటిపళ్లు పొద్దున్నే కోతుల పాలయ్యాయి. ప్లాస్టిక్ కవర్ చప్పుడు వింటే చాలు, అవి వదలవు. దిగేటప్పుడు నీడలో కూర్చుని గైడు తన గుడ్డమూట విప్పాడు. జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ నూరి చేసే పచ్చడి), నాలుగు ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు). రొట్టెలు అంచుల దగ్గర ఎండి పెళుసుగా ఉన్నా మధ్యలో మెత్తగా ఉన్నాయి. ఊరుబిండిలో పచ్చిమిరప ఘాటు, చింతపండు పులుపు సమానంగా కుదిరాయి, చెనిక్కాయలు మరీ మెత్తగా నూరలేదు, పంటికి తగులుతున్నాయి. ఎర్రగడ్డను రాయి మీద పెట్టి పిడికిలితో కొట్టి పంచాడు. ఇంట్లో చేసే ఊరుబిండికి వంకలు పెట్టే మా ఆవిడ ఎలా నూరతారని అడిగింది. తినేటప్పుడే పార్వేట గురించి చెప్పాడు: సంక్రాంతి వెళ్లాక స్వామి పల్లకీలో ఊరూరూ తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి జనాన్ని పిలుస్తాడట. చెంచులక్ష్మి వల్ల చెంచులకు ఆయన ఇంటల్లుడు, అల్లుడు వస్తే ఇంట్లో హడావుడి ఎలా ఉంటుందో అలా చూస్తారట.

జ్వాలా నరసింహుణ్ణి, మాలోల నరసింహుణ్ణి చూసి మధ్యాహ్నానికి దిగిపోయాం. కింద 2,000 ఇస్తే 500 తిరిగి ఇవ్వబోయాడు. రొట్టెలకని చెప్పి జేబులో పెట్టాం.

వెళ్లేవాళ్లకు నా సలహా: క్యాలెండర్లో స్వాతి ఎప్పుడో చూసుకుని ఆ రోజు తప్పించండి. దిగువలో రూముకు ఫోన్‌లో డబ్బు వేయొద్దు. ఆళ్లగడ్డలో పడుకుని తెల్లవారుజామున బయల్దేరితే హాయి. మేం తిరుగుదారిలో అక్కడ ప్లేటు ఉగ్గాని బజ్జీ 40కి తిన్నాం, బాగుంది. వానాకాలం బండలు జారతాయి, పోవద్దు. గైడు లేకుండా అసలే పోవద్దు, డబ్బు మిగులుతుందనుకుంటే ఆ మిగుల్చుకునేది రూము దగ్గర మిగుల్చుకోండి.