గల్లీలో ఇంగ్లీషు మీడియమా, సర్కారు బడా: మూడో తరగతికి ఏది మేలు?

హైదరాబాద్ మూసాపేటలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబానిది నారాయణపేట దగ్గర ఊరు. వాళ్ల చిన్నోడు రెండో తరగతి దాకా గల్లీ చివరి ప్రైవేటు బడిలో చదివాడు. నెలకు పదిహేను వందల ఫీజు. రెండు నెలల బాకీ పడేసరికి, మూడో తరగతికి ఎక్కడ వేయాలన్న టెన్షన్ మొదలైంది. సర్కారు బడి మాట ఎత్తితే వాళ్లమ్మ ఒకటే అడిగింది: "ఆడ అందరు కూలోళ్ల పిల్లలే కదక్కా. మా పిలగానికి సదువెట్లొస్తది?"

ఆ ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది. పైకి అనరు, అంతే. అందుకే ఏప్రిల్‌లో, ఒంటిపూట బడుల రోజుల్లో, ఆమెను వెంటబెట్టుకుని రెండు బడులూ చూసి వచ్చాను.

ముందు ప్రైవేటు బడి సంగతి. పిల్లాడి నోట్‌బుక్ తీసి చూస్తే అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'మై ఫాదర్ ఈజ్ ఎ వాచ్‌మన్' అని పది సార్లు రాశాడు. 'ఫాదర్' మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అంటే నా మొహం చూశాడు. మొదటి నుంచి అందుకుంటే వాక్యం మొత్తం గడగడా అప్పజెప్పాడు, మధ్యలో మాట మాత్రం చదవలేకపోయాడు. తెలుగులో గుణింతాలు సగమే వచ్చు. ప్రోగ్రెస్ కార్డులో అన్నిట్లోనూ ఎ గ్రేడే. తప్పు పిల్లాడిది కాదు. ఆ ఒక్క ఏడాదిలో వాళ్ల క్లాసుకు ముగ్గురు టీచర్లు మారారట.

అయినా ప్రైవేటు వైపు ఉన్న మంచిని తీసేయకూడదు. తరగతికో టీచరు ఉంటారు, రోజూ వస్తారు, బడి ఎక్కువసేపు నడుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2008 నుంచి 2012 దాకా ఒక పెద్ద పరిశోధన జరిగింది. లాటరీ తీసి కొందరు సర్కారు బడి పిల్లలకు ఫీజు కట్టి ప్రైవేటుకు పంపారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు వైపుల పిల్లలూ ఇంచుమించు సమానం. ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నది హిందీలో. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం పెట్టి ఆ ఫలితం తెచ్చాయి, అదీ ఒక్కో పిల్లాడి మీద సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా. అది పల్లెల లెక్క, మన నగరానికి అచ్చంగా సరిపోదు. కానీ లాటరీ వల్ల రెండు వైపులా ఒకే రకం ఇళ్ల పిల్లలున్నారు కాబట్టి, ఇంటి తేడాను బడి గొప్పగా లెక్కేసే పొరపాటు అందులో లేదు. మనం గల్లీలో పోల్చేటప్పుడు చేసేది సరిగ్గా ఆ పొరపాటే.

సర్కారు బడిలో మూడో తరగతి టీచరు హాజరు పట్టీ తెరిచి చూపించారు. నవంబర్ పేజీలో కొన్ని పేర్ల ఎదుట ఒకే వరసలో గైర్హాజరే. "పత్తి ఏరనీకి ఊరికి తీస్కపోతరమ్మా. సంక్రాంతి దాటినంకనే వస్తరు. వచ్చేసరికి భాగహారం అయిపోతది" అన్నారు. ఆ గదిలో పాలమూరు పిల్లలున్నారు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, ఒడిశా నుంచి వచ్చి ఆర్నెల్లలోనే తెలుగు పట్టిన ఒక పాప ఉంది. ఇలాంటి తరగతి సగటు మార్కులు తక్కువే వస్తాయి. ఆ అంకె ఆ ఇళ్ల బతుకు గురించి చెప్పినంతగా టీచరు పని గురించి చెప్పదు. బడుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ యూడైస్ ప్లస్ సైట్‌లో ప్రతి బడికీ పిల్లలెందరు, ఏ వర్గం వారెందరు, టీచర్లెందరు, మరుగుదొడ్లు ఎన్ని అన్నీ దొరుకుతాయి. పిల్లాడికి చదవడం వచ్చిందా లేదా అన్నది మాత్రం మనం వెళ్లి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

నేను కూర్చున్నాను. ఒడిశా పాప తెలుగు వాచకంలో కొత్త పేజీ తీసి, 'చె-రు-వు' అని కూడబలుక్కుని, ఆగి, మొత్తంగా చదివి, చేత్తో చెరువు ఎంత పెద్దదో చూపించింది. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమంలో పిల్లల స్థాయిని బట్టి చదవడం, లెక్కలు నేర్పుతారు. అది శ్రద్ధగా చేసే టీచరు ఉంటే ఎలా ఉంటుందో అక్కడ చూశాను. ఇంగ్లీషు మీడియం కూడా 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఉంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పన్నెండున్నరకు అన్నం, పప్పు, గుడ్డు పెట్టారు. గుడ్డు సగం తిని సగం చెల్లెలికని దాచుకున్న ఒక పిల్లాణ్ణి చూసి, నాతో వచ్చిన వాచ్‌మన్ భార్య ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ ఒక పెద్ద మెలిక ఉంది, దీన్ని నేను దాచను. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది దాకా పిల్లలుంటే టీచర్లు ఇద్దరే. 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. అంటే చిన్న బడిలో ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు లాగాలి. అందులో ఒకరు సెలవు పెడితే ఇంక చదువేముంది? మీ దగ్గరి సర్కారు బడి అలాంటిదైతే, మంచి టీచర్లు నిలకడగా ఉన్న ప్రైవేటు బడే నయమని నేనే చెబుతాను. మేం చూసిన బడిలో నలుగురున్నారు, ఒకరు 2024 డీఎస్సీలో కొత్తగా వచ్చారు. అందరూ శిక్షణ పొందినవాళ్లు, ఏడాది మధ్యలో జీతం చాలక మానేసేవాళ్లు కారు.

అందుకే ఈ పిల్లాడికి సర్కారు బడే మేలని చెప్పాను. చదవడం రాని మూడో తరగతి పిల్లాడికి మళ్లీ మొదటి నుంచి ఓపిగ్గా నేర్పేవాళ్లు కావాలి, వాళ్లు అక్కడ కనిపించారు. ప్రైవేటు బడి వాళ్లు బాకీ కడితేనే టీసీ ఇస్తామన్నారు. టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో చేర్చుకోకుండా ఉండడానికి చట్టం ఒప్పుకోదు, హెడ్‌మాస్టరూ అదే మాట అన్నారు.

జూన్ 12న బడి తెరిచిన రోజు పిల్లాణ్ణి దింపి వస్తూ వాళ్లమ్మ ఆ హాజరు పట్టీ మాట తనే ఎత్తింది. ఈసారి పత్తికి తనొక్కతే ఊరికి పోతుందట, పిల్లాడు తండ్రి దగ్గరే ఉంటాడట. ఆ రెండు నెలలు సాయంత్రం పూట మా ఇంట్లో కూర్చోబెట్టి చదివిస్తానని చెప్పాను.