పాత అల్యూమినియం స్కూబా సిలిండర్లు కొనేవారికి, నింపించేవారికి ఒక హెచ్చరిక

బావుల్లో పడిపోయిన మోటార్లు తీసేవారు, ఎత్తిపోతల పంపుల దగ్గర జాలీలకు పట్టిన చెత్త తొలగించేవారు, నీట మునిగినవారి కోసం వెతికే గజ ఈతగాళ్లు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఇప్పుడిప్పుడే స్కూబా సిలిండర్లు, అంటే నీటి అడుగున ఊపిరి తీసుకోవడానికి గాలి నింపి వీపుకు కట్టుకునేవి, కొనుక్కుంటున్నారు. కొత్తవాటి ధర అందరికీ అందదు కనుక చూపు సహజంగానే సెకండ్ హ్యాండ్ సరుకు మీదికి పోతుంది. దేవరకొండ దగ్గర ఇదే పని చేసుకునే మేము నలుగురం కలిసి అలాంటివే రెండు కొన్నాం. వాటిలో ఒకటి మా బామ్మర్ది చేతుల్లో పేలిపోకుండా ఉండటం కేవలం అదృష్టం. మీలో ఎవరూ ఆ అదృష్టం మీద ఆధారపడే పరిస్థితి రాకూడదని ఇది రాస్తున్నాను.

అమ్మిన వ్యక్తి వేరే రాష్ట్రం వాడు. మూతపడిన డైవింగ్ కేంద్రం నుంచి తీసుకున్న సరుకు అని, నీటి ఒత్తిడి పరీక్ష పూర్తయిందని చెప్పి, దానికి సంబంధించిన స్టిక్కర్ ఫొటో పంపాడు. సిలిండర్లు వచ్చేసరికి పసుపు రంగు కొత్తగా మెరిసిపోతోంది. మెడ కింద భుజం భాగంలో ఉండే అచ్చు అక్షరాల మీద ఆ రంగు దట్టంగా పేరుకుపోయి ఉన్నా మేము దాన్ని గోకి చూడలేదు. చూసి ఉంటే కథ అక్కడే ముగిసేది.

హైదరాబాద్ శివార్లలో కంప్రెషర్ ఉన్న ఒకరి దగ్గర నాలుగుసార్లు నింపించాం. మూడోసారి నింపిన తర్వాత ఒక సిలిండర్ మెడ దగ్గర సబ్బు నీళ్లలో సన్నని బుడగలు కనిపించాయి. వాల్వ్ కింద రబ్బరు రింగు అరిగి ఉంటుందనుకుని కొత్తది వేసి, మళ్లీ నింపించాం. నేను చేసిన అతి పెద్ద తప్పు ఇదే. రింగు మార్చినా గాలి జారడం ఆగకపోయేసరికి, డైవింగ్ పరికరాల మరమ్మతు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన గాలి మొత్తం వదిలేసి, వాల్వ్ విప్పి, చిన్న బల్బు, పంటి డాక్టర్లు వాడే లాంటి అద్దం లోపలికి పెట్టి చూశారు. వాల్వ్ బిగించే మరల మీదుగా నిలువునా, తల వెంట్రుక మందాన ఒక గీత, మెడ నుంచి భుజం వైపు దిగి ఉంది. తర్వాత బయట రంగు గోకితే తయారీ సంవత్సరం 86 అని బయటపడింది. నాలుగుసార్లు నింపినప్పుడూ మా బామ్మర్ది ఆ సిలిండర్‌కు జానెడు దూరంలో గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఇది అమ్మకందారు మోసం మాత్రమే కాదు, లోహం సంగతి కూడా. అమెరికాలో 1980లలో చాలా అల్యూమినియం స్కూబా సిలిండర్లు 6351-టీ6 అనే మిశ్రమంతో తయారయ్యాయి. సిలిండర్లు తయారుచేసే లక్స్‌ఫర్ సంస్థ అక్కడ 1988లో దాన్ని వదిలి 6061 మిశ్రమానికి మారింది. కాటలినా సంస్థ మాత్రం మొదటి నుంచీ 6061తోనే చేసింది. పాత మిశ్రమానికి ఉన్న జబ్బు ఏమిటంటే, లోపలి ఒత్తిడి రోజుల తరబడి, ఏళ్ల తరబడి అలాగే నిలిచి ఉంటే, మెడ, భుజం భాగాల్లో పగులు పుట్టి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఎవరూ కింద పడేయనక్కరలేదు, తుప్పు పట్టనక్కరలేదు. 6351తో చేసిన ప్రతి సిలిండర్ పగులుతుందని కాదు, పగిలేవి కొన్నే. కానీ ఏది పగులుతుందో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

నీటి ఒత్తిడి పరీక్ష పాసయింది కదా అని అడిగేవారు ఉంటారు, మేమూ అదే అనుకున్నాం కనుక ఈ ఒక్క విషయం కాస్త వివరంగా చెప్పాలి. ఆ పరీక్షలో సిలిండర్‌ను నీళ్ల తొట్టిలో ఉంచి, పనిచేసే ఒత్తిడికి మూడింట అయిదు వంతులు, అంటే 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే ఒత్తిడి కొలత) సిలిండర్‌కు 5000 పీఎస్‌ఐ ఎక్కించి, అది ఎంత ఉబ్బింది, ఒత్తిడి తీసేశాక అందులో ఎంత ఉబ్బు శాశ్వతంగా మిగిలిపోయింది అని కొలుస్తారు. శాశ్వతంగా మిగిలినది మొత్తం ఉబ్బులో పదో వంతు మించకూడదు. గోడ మొత్తం బలహీనపడిందా లేదా అన్నది దీంతో తెలుస్తుంది గానీ, దళసరిగా ఉండే మెడలో దాక్కున్న సన్నని పగులు ఈ కొలతలో పట్టుబడదు. అందుకే అమెరికా రవాణా శాఖ 6351 స్కూబా సిలిండర్లకు అయిదేళ్లకొకసారి జరిగే పునఃపరీక్షలో మెడ మరలను, లోహంలో కంటికి కనిపించని పగుళ్లను విద్యుత్తుతో పసిగట్టే ఎడ్డీ కరెంట్ పరికరంతో పరీక్షించడం కూడా తప్పనిసరి చేసింది. అందులో పాసైన సిలిండర్ మీద పరీక్ష తేదీ పక్కన ‘వీఈ’ అని అచ్చు వేస్తారు. మా సిలిండర్ మీద ఆ అక్షరాలు లేవు. ఉన్నది అతికించిన స్టిక్కర్ మాత్రమే.

ఒత్తిడి ఎంతో ఊహించాలంటే లారీ టైరును గుర్తు తెచ్చుకోండి. నూరు, నూట ఇరవై పీఎస్‌ఐ ఉన్న ఆ టైరు రింగు ఎగిరితే ఏమవుతుందో హైవే మీద పంక్చర్ షాపుల వాళ్లకు బాగా తెలుసు. స్కూబా సిలిండర్‌లో దానికి పాతిక రెట్లకు పైగా ఉంటుంది. పైగా ఇలాంటి ప్రమాదాలు ఎక్కువగా జరిగేది నీళ్లలో కాదు, నింపుతున్నప్పుడు. అంటే సిలిండర్ కొన్న మనిషి కన్నా, కూలి కోసం కంప్రెషర్ దగ్గర నిలబడిన పిల్లవాడి ప్రాణానికే ముప్పు ఎక్కువ.

కొత్త రంగును అనుమానించండి. రంగును కొలిమిలో కాల్చి పట్టించి ఉంటే అది ఇంకో ప్రమాదం. సుమారు 177 డిగ్రీల సెల్సియస్ దాటి వేడి తగిలిన అల్యూమినియం సిలిండర్‌ను ఇక వాడకూడదు, ఏ సంవత్సరానిదైనా సరే.

కొనేముందు భుజం మీది అచ్చు అక్షరాలు రంగు లేకుండా స్పష్టంగా కనిపించే ఫొటో అడగండి. 3ఏఎల్ (అమెరికా రవాణా శాఖ అల్యూమినియం సిలిండర్లకు పెట్టిన ప్రమాణం గుర్తు) అని, ఆ తర్వాత ఒత్తిడి సంఖ్య, తయారుచేసినవారి గుర్తు, మొదటి పరీక్ష తేదీ అక్కడ ఉంటాయి. ఇంకా పాతవాటి మీద ఈ6498 లాంటి ప్రత్యేక అనుమతి సంఖ్య కనిపిస్తుంది. మొదటి తేదీ 1990కి ముందుదైతే బేరమే ఆడవద్దని నా సలహా. ఇప్పటికే కొని ఉంటే, నింపించకుండా ముందు వాల్వ్ విప్పించి చూపించండి. మెడ దగ్గర గాలి జారుతుంటే రింగు మార్చి ఊరుకోవద్దు. మన దేశంలో 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం పరీక్ష గడువు తీరిన సిలిండర్‌ను నింపకూడదు, అనుమతి లేకుండా విదేశీ సిలిండర్‌ను దిగుమతి చేయకూడదు. వీటిని అమలు చేసే కేంద్ర ప్రభుత్వ పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది. నింపే మనిషి మీ సిలిండర్‌ను వెనక్కి పంపితే ఆయన మీద కోపం తెచ్చుకోకండి. మాకు నింపిన ఆయన ఒక్కసారైనా అలా పంపి ఉంటే ఎంత బాగుండేదో.

అమ్మిన వ్యక్తికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. సిలిండర్లు ‘చెక్కుచెదరకుండా’ తిరిగి పంపితే ఇచ్చిన 22 వేలలో సగం వెనక్కి ఇస్తానన్నాడు. పంపితే దానికి ఇంకో కోటు రంగు పడుతుందని, ఇంకెవరి ఊరికో చేరుతుందని నాకు అర్థమైంది. పగిలినదాన్ని మెడ దగ్గర రంపంతో రెండుగా కోయించాను. రెండోది కూడా అదే సంవత్సరానిదే. కంటికి పగులు కనిపించలేదు గానీ ఎడ్డీ కరెంట్ పరీక్ష చేయించే వీలు మాకు దొరకలేదు కనుక వాల్వ్ తీసేసి, ఖాళీగా పక్కన పెట్టాం. అదే పసుపు రంగుతో, అదే స్టిక్కర్‌తో ఇంకో నాలుగు సిలిండర్ల ఫొటోలు ఆయన మొన్న మళ్లీ పెట్టాడు.